గాజుపెట్టె ముందు పొట్టి స్టూలు

మా కోడలు వరూధినికి ఐదేళ్ళపాటు దోసె పోయడం రాలేదు. ఆ మాట ముందే చెప్పేస్తే నా కడుపుబ్బరం తీరుతుంది. కానీ అత్తిబెలెలో ఆమె పనిచేసే చిన్న సోలార్ కంపెనీలో మాత్రం ఆమె పోసినట్టు మరెవరూ పోయలేరు.

అక్కడ పోసేది పిండి కాదు, ఒక పసుపుపచ్చని ద్రవం. గాజుపెట్టెలోకి చేతులు దూర్చి, దాన్ని చిన్న గాజుబిళ్ళ మీద వేసి గిర్రున తిప్పుతారు. అది పలచగా పరుచుకొని ఆరుతుండగా ఇంకో మందు చుక్క వేస్తారు. సరైన క్షణంలో వేస్తే స్ఫటికాలన్నీ ఒక్కసారే పుట్టి, సందు లేకుండా పక్కపక్కనే సర్దుకుంటాయి. వేడి చేశాక బిళ్ళ నల్లగా, అద్దంలా వస్తుంది. ఎండ తగిలితే కరెంటిస్తుంది. క్షణం అటూ ఇటూ అయితే కొన్ని స్ఫటికాలు బలిసి, కొన్ని చిక్కి, మధ్యలో చిల్లులు పడి బిళ్ళ బూజు పట్టినట్టవుతుంది. దాన్ని పెరొవ్‌స్కైట్ అంటారట. నాకు నోరు తిరగక 'నీ నల్ల దోసె' అంటాను. ఆమె నవ్వుతుంది. ఎంత ఎత్తిపొడిచినా కోపం రాని మనిషి, అదే నాకు కోపం.

నేను చిక్కపేట బట్టల అంగళ్ళ మధ్య పెరిగినదాన్ని. అక్కడ కేకేస్తేగాని మాట వినపడదు, నా గొంతు అలాగే ఉండిపోయింది. వరూధిని మదనపల్లె పిల్ల, పొట్టి. చందాపురలోని మా ఇంట్లో పై అరలోని డబ్బా అందుకోవాలంటే మా అబ్బాయి హేమంత్‌కుమార్‌నో నన్నో పిలవాల్సిందే.

పోయినేడు నీళ్ళోసుకుంది. మేమంతా ఎదురుచూసిన కబురు. నేను వీధి వీధంతా చక్కెర పంచాను. ఆమె ఆ రోజే కంపెనీలో చెప్పింది. ఆ ద్రవంలో సీసం ఉంటుంది, దాన్ని కరిగించే మందు కూడా కడుపులో బిడ్డకు మంచిది కాదు. ఇక ఆ గదిలో అడుగు పెట్టొద్దని, బయట కూర్చొని చేసే పనే చేయమని అన్నారు. నాకు ప్రాణం హాయిగా ఉంది, ఆమె మాత్రం ముఖం మాడ్చుకుంది.

ఒక్కరి చేతికే వచ్చే పని కంపెనీకి ఎందుకు? నెలాఖరులోగా ఇంకొకరు మంచి బిళ్ళ చేసి చూపకపోతే ఆ విభాగమే మూసేస్తామన్నారు. మూసేస్తే కాన్పయ్యాక ఆమె తిరిగి వెళ్ళడానికి చోటుండదు.

నేర్చుకోవలసినవాడు ఆమెతో పనిచేసే ఇస్సాకు. కర్నూలు మనిషి, బుద్ధిమంతుడు, మా గుమ్మంలో తల వంచకుండా రాలేనంత పొడుగు. ఆమె గది బయట అద్దం వెనక నిలబడి ఫోనులో చెప్పేది. ఇంటికొచ్చినా అదే ఫోను.

"నేను చెప్పినట్టే లెక్కపెట్టినావా ఇస్సాకూ?"

"స్టాప్‌వాచ్ పెట్టుకొని చేసినాక్కా. మళ్ళా తెల్లగానే వచ్చింది."

"వాచీతో కాదు. ఆ టైము నీకే తెలుస్తాది."

చెప్పేవాడికి వినేవాడు లోకువ. నేను వంటింట్లోనుంచే అందుకున్నాను. "దోసెకు నేను ఇదే మాటంటే, నీకే తెలుస్తాదంటే ఎట్ల తెలుస్తాది అత్తా అని నన్ను ఎగతాళి చేస్తివి గదా పాపా."

ఎప్పటిలా నవ్వలేదు. "ఆ పని పోతే పోనీలే అత్తా, ఇంట్లోనే ఉంటా," అంది. కోడలు ఇంట్లో ఉండాలని ఎన్నిసార్లు అనుకున్నానో. తీరా ఆ మాట ఆ గొంతుతో వింటే నా మనసు చివుక్కుమంది.

ఆ ఆదివారం నాకు మోకాళ్ళ నొప్పి. హేమంత్ స్టవ్వు ముందు కుర్చీ వేశాడు. కూర్చొని పోసిన దోసె పెనానికి కరుచుకుంది. ఇంకొకటి పోశాను, అదీ అంతే.

"ఈ పెనానికేమో అయిండాది," అన్నాను.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుండాది," అంది వరూధిని.

రోషం వచ్చి లేచి నిలబడ్డాను. నీళ్ళు చిలకరించి, తుడిచి పోశాను. ఈసారి దోసె తనంతట తానే అంచు లేపింది. వరూధిని పెనాన్ని కాదు, నా కళ్ళను చూస్తోంది.

"నీళ్ళు చల్లినాక ఏం చేస్తివి అత్తా?"

"పది లెక్కపెడితిని. ఎప్పుడూ అంతే."

"లేదు. పెనం మీద కిటికీ వెలుతురు మెరుస్తా ఉండె. ఆ మెరుపు పోయిందాకా చూసి పోస్తివి. కుర్చీలో కూర్చుంటే అది నీకు కానరాలేదు."

పెళ్ళయిన నాటినుంచీ లెక్కే పెడుతున్నానని నమ్మిన మనిషిని. ఆమె అట్లకాడను చుక్క వేసే గొట్టంలా పట్టుకొని గాల్లో వంచింది. చేత్తోపాటు తల కూడా పక్కకు వాలింది. అలాగే ఆగిపోయింది.

"నేను కూడా లెక్కపెట్టనత్తా. బిళ్ళ తిరుగుతా ఉంటే దాంట్లో ట్యూబులైటు కానొస్తాది. అది మసకేసే ముందు చుక్క వేస్తా. ఇస్సాకు అంత ఎత్తులో ఉంటే వానికి అది యాడ కానొస్తాది?"

అప్పుడే ఫోను చేసింది. "ఇస్సాకూ, రేపు పొట్టి స్టూలు వేసుకొని కూర్చో. నీ కండ్లు నా కండ్లుండే చోటికి రావల్ల. లెక్క మర్చిపో, బిళ్ళలో ట్యూబులైటును చూడు."

మర్నాడు మోకాళ్ళు గాజుపెట్టెకు తగిలేలా కూర్చొని చేశాడట. మొదటిది చెడింది. తర్వాతిది నల్లగా, నున్నగా వచ్చింది. సాయంత్రం ఆమె నాకు ఫొటో చూపించింది. నల్లటి గాజుముక్కలో ట్యూబులైటు వంకర లేకుండా కనిపించింది.

"నేను లేకున్నా వచ్చిందత్తా," అంది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"నువ్వు లేకుండా యాడొచ్చింది పాపా? నీ కండ్లతోనే గదా చూసినాడు," అన్నాను. నాకూ కళ్ళు తడిశాయి.

నెలాఖరుకు ఒకటి కాదు, బిళ్ళల వరుసే చూపించాడు. విభాగం నిలిచింది. ఇప్పుడు మనవరాలు బోర్లా పడుతోంది, వచ్చే నెల వరూధిని పనిలోకి వెళ్తుంది. ఆ స్టూలును అక్కడ వరూధిని స్టూలనే అంటారట. ఎత్తు ఎవరూ మార్చకుండా ఇస్సాకు దాని మర బిగించేశాడు.

మొన్న నాకు తట్టింది. మా వంటింటి గట్టు కట్టించింది నా ఎత్తుకు. దాని ముందు ఒక పీట వేసి, వరూధినిని ఎక్కి పోయమన్నాను. దోసె అంచు లేచింది.

"ఎట్లుండాది అత్తా?" అంది పీట మీదనుంచి. ఆ పీట ఐదేళ్ళుగా దేవుడి గది తలుపు వెనకే ఉంది. ఉప్పు తక్కువైందన్నాను, ఇంకొకటి వేయమన్నాను.