నాగూరు సంచిలో దూది

ఈ ఉదయం గుంటూరులో మా వీధిలోకి పరుపులు కుట్టేవాడొచ్చాడు. దూదేకే విల్లు టంగుమనగానే చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. ఆ మోత వింటే నాకు కోటేశ్వరమ్మ గారు గుర్తొస్తారు. ఆవిడ మా పల్లె బడికి హెడ్‌మిస్ట్రెస్. నేను ట్రైనింగ్ ముగించుకుని ఆవిడ దగ్గర చేరిన కొత్త టీచర్ని. నేనేదైనా విని వచ్చి చెప్పబోతే, నువ్వు చూశావా అని అడిగేవారు. చూడలేదంటే ఆ మాట అక్కడితో సరి. మొదట్లో నాకు ఒళ్ళు మండేది.

అరవైల మొదట్లో మా ఊరి వాగు మీద సర్కారు వంతెన కడుతోంది. స్తంభాలు నిలవాలంటే పిల్లల్ని బలివ్వాలట, సర్కారు మనుషులే గోనెసంచుల్లో ఎత్తుకుపోతున్నారట అని పుకారు లేచింది. బడి సగం ఖాళీ అయింది. నిప్పు లేనిదే పొగ రాదన్నారు జనం.

"అయితే ఆ నిప్పేదో చూద్దాం పద," అని ఆవిడ నన్ను వెంటబెట్టుకుని బయల్దేరారు. మిరపకాయలకు తొడిమలు తీసే ఆడవాళ్ళ మధ్య ఘాటుకు తుమ్ముతూ కూర్చుని, నీకెవరు చెప్పారు, ఆమెకెవరు చెప్పారు అంటూ గడప గడపా తిరిగారు. చివరికి వంతెన పనికి బండి తోలే మనిషి దొరికాడు. మట్టి విరిగిపడి ఇద్దరు కూలీలు చనిపోతే, గోనెపట్టాలు కప్పి అతని బండిలోనే పంపించారట. నోరెత్తొద్దని బెదిరించారట. భార్యకు మాత్రం, గోనెల కింద మనుషుల్ని తోలానని చెప్పాడు. మిగిలింది ఊరు కల్పించుకుంది.

వంతెన పని చూసే ఓవర్సీరు దగ్గరికి వెళ్తే, పై ఆర్డరు లేకుండా బయటపెట్టకూడదన్నాడు.

"మీరు ఇద్దర్ని దాచారు. ఊళ్ళోవాళ్ళు నోటి మాటల్లోనే ఇరవై మంది పసివాళ్ళను పాతిపెట్టారండీ," అన్నారావిడ.

పైవాళ్ళను కనుక్కుని సంతనాటికి తనే చెబుతానని, అందాకా ఆగమని బతిమాలాడు. గవర్నమెంటు జీతం తింటూ గవర్నమెంటు మాట దాటకూడదనుకున్నారేమో, ఆవిడ ఆగారు. నన్నూ ఆగమన్నారు.

సంతకు ముందురోజు నాగూరు సాయిబును కొట్టి చంపారు. మా ఊరి దూదేకులవాడు. పత్తి తీతలయ్యాక విల్లు భుజాన, దూది సంచి వీపున వేసుకుని ఊరూరా తిరిగేవాడు. మార్టూరు వైపు, అతన్నెరగని ఒక పల్లెలో సంచి చూసి లోపల పిల్లలున్నారనుకున్నారు. విప్పి చూడండయ్యా అని మొత్తుకున్నాడట. ప్రాణం పోయాక విప్పారు. ఆ పల్లె మీద నాకు ఇప్పటికీ కోపం చల్లారలేదు. ఓవర్సీరు మీద అంతకన్నా ఎక్కువ.

ఆ సాయంత్రమే ఆవిడ నాగూరు వాకిట్లో నిలబడి ఉన్నదంతా ఊరికి చెప్పారు. పైనుంచి మందలింపు వస్తే లెక్కచేయలేదు.

కొన్నాళ్ళకు నాగూరు కూతురు హుసేనమ్మ మళ్ళీ బడికొచ్చింది. తిన్నగా ఆవిడ బల్ల దగ్గరికి వెళ్ళింది.

"వంతెన సంగతి మీకు ముందే తెలుసంటగా అండీ?"

నేను అడ్డుపడబోయాను. పై ఆర్డరు లేదనీ, ఓవర్సీరు మాటిచ్చాడనీ చెప్పవచ్చు. అవన్నీ నిజాలే. ఆవిడ కుర్చీలోంచి లేచారు.

"తెలుసమ్మా. చెప్పలేదు."

పిల్ల వెళ్ళి తన చోట కూర్చుంది. ఆవిడ ఆ రోజు పాఠం చెప్పలేకపోయారు.

తర్వాత నేనూ హెడ్‌మిస్ట్రెస్‌నయ్యాను. ఫలానా సంగతి బయటికి పొక్కకూడదని పైవాళ్ళు నాకూ చాలాసార్లు చెప్పారు. ఒక పిల్ల ముందు లేచి నిలబడి ఆవిడలా ఆ రెండు మాటలు అనే ధైర్యం నాకు లేదు. అందుకే నేనేదీ దాచలేదు.