పెద్దమ్మకు ఏ చీర కట్టాలి

మా పెద్దమ్మ పోయిందని మా ఊరు కోవిల్‌పట్టి నుంచి ఫోన్ వచ్చింది. అప్పుడు నేను విరుదునగర్‌లో, పత్రిక ఆఫీసులో ఉన్నాను. బస్సు పట్టుకుని చేరేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. స్నానం ఇంకా చేయించలేదు. ముత్తైదువకు చేసినట్టు పసుపు పూసి ఎర్ర చీర కట్టాలా, విధవను పంపినట్టు తెల్ల చీరలో పంపాలా అన్నది ఆడవాళ్లకు తేలలేదు.

"పేపరోడు వచ్చినాడు, వాణ్ణే అడగండి," అంది మా అమ్మ. "ఏమిరా, మీ పెద్దనాయన ఉండాడా, లేడా?"

పెద్దనాయన పెళ్లయిన కొత్తలోనే మలయా రబ్బరు తోటల పనికి వెళ్లాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం మలయాను పట్టుకుంది. సయాం దేశం నుంచి బర్మాకు రైలు దారి వేయడానికి తోటల్లోని కూలీలను తీసుకుపోయింది. ఆ పనిలో వేలమంది చనిపోయారు. యుద్ధం ముగిశాక మా దగ్గరి విళాత్తికుళం వైపువాడు ఒకడు అక్కణ్ణుంచి తిరిగొచ్చి పెద్దమ్మకు చెప్పింది ఇంతే: "రైలెక్కించింది చూసినాను తల్లీ. దిగింది చూళ్లేదు."

కర్మ చేసి తాళి తీయించాలని పెద్దలు అన్నారట. "ఆయన్ను చూపండి, తీస్తాను," అందట. తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అగ్గిపెట్టెల కంపెనీలో పుల్లలు నింపుతూ బతికింది. పనికి పోయేముందు బొట్టు సరిచూసుకునేది.

తొంభైల్లో నేను విలేకరినయ్యాక, కనబడినప్పుడల్లా అడిగేది: "జపాను సండ ఎవురు గెలిచిరి?" సండ అంటే మావైపు యుద్ధం. చెప్పేవాణ్ణి. "అయితే ముగిసిందే కదా? ముగిస్తే మనుషుల్ని తిరిగి పంపాల కదా? ఎవుర్ని అడగాల?"

పుస్తకాలు తిరగేశాను. అక్కడ చనిపోయిన సైనికుల సమాధుల మీద పేర్లున్నాయి. కూలీల పేర్లు చాలావరకు ఎవరూ రాసిపెట్టలేదు. తీసుకుపోయినవాళ్లు ఓడిపోయారు. తోటల దొరలు తమ దేశం వెళ్లిపోయారు. ఎవర్ని అడగాలో నాకూ తెలియలేదు.

"ఊరోళ్ల సంగతంతా రాస్తావు, మీ పెద్దనాయన సంగతి ఒక లైను రాయలేవా?" అని ఎత్తిపొడిచేది. మళ్లీ తనే నవ్వేది. "ఆడ ఇంకోదాన్ని కట్టుకోనుంటాడు. కట్టుకోనీ, బతికుంటే సాలు." నిజంగా నమ్మిందో, నమ్మినట్టు ఉండటం అలవాటైందో ఇప్పటికీ చెప్పలేను.

వాకిట్లో అందరూ నావైపే చూస్తున్నారు. ఉన్నాడనడానికి ఆధారం లేదు. పోయాడనడానికీ లేదు.

"తెలియదు," అన్నాను.

"తెలీదంటే ఎట్లరా? ఆడ నీళ్లు కాగిపోతుండాయి!" అంది అమ్మ.

పెద్దనాయన చెల్లెలు, మా అత్త, గోడ పట్టుకుని లేచింది. "మా వదినె తియ్యని తాళి మీరెట్ల తీస్తారు? చీర కోసరం ఈ పొద్దు మా అన్నను సంపేస్తారా? పసుపు తేండి."

తెచ్చారు. ముత్తైదువ పోతే తలవైపు నిలబడి మొదటి చెంబు నీళ్లు పోయాల్సింది భర్త. వరసకు కొడుకునని నేను ముందుకెళ్లాను. అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆడ ఎవురూ వద్దు. పక్కనుంచి నీళ్లు పొయ్యి."

ఆడవాళ్లు కూడా ఆ చోట కాలు పెట్టకుండానే బిందెలు మోశారు. వాకిలంతా తడిసింది. పెద్దమ్మ తలవైపు, ఒక మనిషి నిలబడేంత నేల మాత్రం పొడిగా మిగిలింది.