చెరువు మట్టి తోలిన ఏడు

నేను పుట్టింది తిరుత్తణి పక్క ఎర్ర నేలలో. నాగలి కాస్త లోతుగా దించితే రాయి తగిలే నేల. అందులో వేరుశనగ తప్ప ఇంకేం వేసినా మొహం మాడ్చుకునేది. పెళ్ళయి పెరియపాళయం పక్కకు వస్తే ఇక్కడంతా ఇసక. పొద్దున నీళ్ళు పెడితే మధ్యాహ్నానికి తడి ఆనవాలు కూడా ఉండదు. ఇంకా తూర్పుకు, కవరైపేట్టై దిక్కుకు పోతే, దిగబడిన కాలు పైకి రాని బంక నేల. అక్కడ వరి తప్ప మరో మాట లేదు. ఒక్క జిల్లాలో ఇన్ని రకాల నేలలు ఏం పనిలేక పెట్టాడో ఆ దేవుడు.

మా ఇసకకు మల్లె నప్పుతుంది. మా మామ, అంటే మా ఆయన తండ్రి, నేను కాపురానికి వచ్చిన ఏడే మల్లెతోట పెట్టాడు. మా ఆయన కంపెనీ షిఫ్టులకు పోతాడు కాబట్టి తోటలో మిగిలేది మామా, నేనూ. ఆడి నెలలో, అంటే ఆషాఢం రోజుల్లో, ఇక్కడి గుడిలో భవానీ అమ్మకు మొక్కులు తీర్చుకోను జనం విరగబడతారు, ఎన్ని పూలు కోసినా చాలవు. మా ఇల్లు నడిచిందే ఆ తోట మీద. ఒక్క చెట్టు డీలాపడినా మామకు ఆ పూట అన్నం దిగదు.

ఇసకలో బలం ఉండదు. అందుకని కొన్నేళ్ళకోసారి, ఎండలకు చెరువు ఎండినప్పుడు, అడుగున పేరుకున్న నల్లమట్టి తోలి పాదుల్లో వేస్తాం. మావాళ్ళు తాతల నాటినుంచీ చేస్తున్న పనే. విత్తనాన్ని అనుమానిస్తారు, ఎరువును అనుమానిస్తారు, చెరువు మట్టిని మాత్రం ఎవరూ అనుమానించరు. తడిపి పిడికిట్లో పిసికితే ఉండ కట్టాలి, అంతే వాళ్ళ పరీక్ష. పోయిన ఏడు ఎండల్లో ట్రాక్టరు వచ్చి మట్టి దించగానే మామ అదే చేశాడు. ఉండ కట్టి నా చేతిలో పెట్టాడు.

"చూడమ్మా, వెన్నముద్ద మాదిరి ఉండాది," అన్నాడు.

చూశాను. నల్లగా, నున్నగా ఉంది. నేనూ మురిసిపోయాను. ఇద్దరం గంపలతో మోసి పాదు పాదుకూ పోసి, ఇసకలో బాగా కలిసేలా పారతో తిరగేశాం.

మాకు అప్పుడు తెలియనిది ఒకటుంది. ఆ చెరువులో పైనున్న మంచి మట్టి అప్పటికే రోడ్డు పనికి పోయింది. పెద్ద యంత్రం పెట్టి తోడుకుపోయారట. మాకు వచ్చింది దాని కింది పొర, ఉప్పు చౌడు. తడిలో రెండూ ఒకేలా ఉంటాయి, కంటికి తేడా తెలియదు.

కొన్నాళ్ళకు ఆకుల అంచులు మాడాయి. నీళ్ళు చాలలేదేమోనని మామ ఇంకా పెట్టాడు. ఒకరోజు పోయి చూస్తే పాదుల మీద తెల్లగా ఉప్పు పేరి ఉంది. మట్టి తీసుకుని ఇద్దరం వ్యవసాయం ఆఫీసుకు పోయాం. అక్కడి అమ్మాయి పాపం ఓపిగ్గానే చెప్పింది. జిప్సం వేయమంది, పెద్ద వాన పడితే ఉప్పు కిందికి దిగిపోతుందంది.

మామ మనసు అక్కడ లేదు. "ఏసిన మన్ను తీసేస్తే పోదా మేడమ్?" అన్నాడు.

"ఇసకలో కలిసిపోయినాదే అయ్యా, యాడని ఏరతారు?" అంది ఆమె.

మర్నాడు తోటకు పోతే, మామ ఒక పాదు ముందు కూర్చుని చేత్తో మట్టి తీసి గంపలో వేస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"పాలల్లో కలిసిన చక్కెర్ని ఏరతారా మామా ఎవురైనా?"

"ఊరికే సుమ్మా కూసోలేనమ్మా," అన్నాడు.

ఇంకో గంప తెచ్చుకుని నేనూ కూర్చున్నాను. పొద్దు వాలేసరికి వేర్లు బయటపడ్డాయి గానీ మట్టి తరగలేదు. తీసినదాంట్లో ఇసక ఎంతో, చౌడు ఎంతో ఎవరికి తెలుసు. వేర్లు ఎండిపోతాయని అదే మట్టి మళ్ళీ కప్పాం.

జిప్సం వేశాం. వానకు మొక్కుకున్నాం. దీపావళి వానలు అడిగినదానికన్నా ఎక్కువే కురిశాయి, గోరుచుట్టు మీద రోకటిపోటులాగా. ఏ నీళ్ళు ఇంకితే చెట్టు బతుకుతుందన్నారో ఆ నీళ్ళు ఇంకనేలేదు. పూట తిరక్కుండా తాగేసే మా ఇసక ఆ చౌడుతో బిగుసుకుపోయి, పాదుల్లో నీళ్ళు నిలిచిపోయాయి. గట్టు తెంచి బయటికి వదులుదామంటే చుట్టుపక్కల పొలాలూ నీళ్ళే. గొడుగు పట్టుకుని నిలబడి చూడటం తప్ప చేసేదేమీ లేకపోయింది. అంత చేతకానితనం నేను నా బతుకులో ఎరగను. పోనీ ఎవర్నైనా తిట్టి కడుపుమంట చల్లార్చుకుందామంటే ఎవర్ని తిట్టను? మేం అడిగింది చెరువు మట్టి. ట్రాక్టరతను తెచ్చిందీ చెరువు మట్టే.

వానలు వెలిశాక కొమ్మలు కత్తిరించాం. చిగురు రాలేదు. ఎండల్లో రావలసిన మొగ్గా రాలేదు. ఇంకో నెల చూద్దాం, ఇంకో నెల చూద్దాం అంటూ ఆడి నెల దాకా వచ్చాం. పసుపు చీరలు కట్టుకున్న ఆడవాళ్ళు మా తోట పక్కనుంచే గుడికి నడిచిపోతున్నారు. వాళ్ళలో ఒకామె గట్టు దగ్గర ఆగి, మల్లెపూలు ఉన్నాయా అని అరవంలో అడిగింది. మామ లేవని తల ఊపాడు. ఆమె పోయేదాకా ఉండి, నా మొహం చూడకుండా అన్నాడు.

"పీకేద్దామమ్మా. నా చేత కాదు. నువ్వు పీకు."

గడ్డపార తెచ్చాను. ఇన్నేళ్ళు పాతుకున్న చెట్లు కదా, నడుం విరుగుతుందనుకున్నాను. మొదటి చెట్టు మొదలు పట్టుకుని ఊరికే కదిపి చూశాను. వచ్చేసింది. కింద వేరన్నది లేదు, అంతా కుళ్ళి నల్లబడింది. రెండోదీ అంతే. గడ్డపార పక్కన పడేశాను. ఏడుపు వస్తుంటే దాన్ని చెట్ల మీద చూపించి, ఒక్కోదాన్నీ విసురుగా లాగి గట్టు మీదికి విసిరేస్తూ పోయాను.

వెనకనుంచి మామ పిలిచాడు.

"మెల్లంగమ్మా," అన్నాడు. "మెల్లంగ పీకు."