రహమతక్క రాని ఎండాకాలం

మా చిన్నప్పుడు... లింగంపేటలో మా పక్కింటి అరుగు మీద ఖాజాబీ అవ్వ బీడీలు చుట్టేది. పక్కనే చాట పెట్టుకుని మా అమ్మ. బడి లేని రోజుల్లో నేను తునికాకు కత్తిరించి ఇచ్చేదాన్ని...

అవ్వ కూతురు రహమతక్కను నేను పుట్టకముందే కరాచీలో ఉండే మేనబావకిచ్చి పెళ్లి చేశారు. పండగలకు బస్టాండు దగ్గరి ఎస్టీడీ బూతుకు ఆమె ఫోన్ వచ్చేది. నాకు తెలిసింది ఆ గొంతు ఒక్కటే.

ఒక ఎండాకాలం అక్కకు వీసా దొరికింది. కూతురిని తీసుకుని రైల్లో వస్తానంది. అవ్వ ఇంటికి సున్నం వేయించింది... ఎల్లారెడ్డి బజారుకు పోయి మనుమరాలికి గాజులు తెచ్చింది.

"దానికి తెలుగు రాదంట బిడ్డా... నువ్వే ఆడిపియ్యాలె" అంది నాతో.

అంతలో రెండు దేశాలకూ చెడింది. రైలు ఆపేశారు, వీసాలు రద్దు చేశారు. మా ఇంట్లో టీవీ ముందు కూర్చునే విన్నాం. వార్తలామె ఆ ముక్క చదివేసి క్రికెట్‌లోకి వెళ్లిపోయింది.

"అంటే... మా రహమత్ రాదా?" అమ్మను అడిగింది అవ్వ.

"ఇప్పట్ల రాదమ్మా. లొల్లి సల్లవడ్డంక వస్తది."

"లొల్లి వాళ్లు వాళ్లు వెట్టుకున్నరు... నా బిడ్డేం జేసింది?"

అవ్వ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. అరుగు మీదకు వెళ్లి బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. అమ్మా వెళ్లి కూర్చుంది. పొద్దు గూకేదాకా ఇద్దరూ చుడుతూనే ఉన్నారు...

తర్వాత రైలు నడిచింది, మళ్లీ ఆగింది. అక్క అడిగిన ప్రతిసారీ ఏదో ఒక గొడవ. వీసా రానేలేదు.

అవ్వ పోయినప్పుడు నేనుంటున్న కామారెడ్డి నుంచి వెళ్లాను. శవాన్ని లేపేదాకా వీడియో కాల్‌లో అక్కకు చూపించింది నేనే.

"జర దగ్గరికి వట్టు చెల్లే... అమ్మీ మొకం కనవడ్తలేదు" అంది.

పట్టాను. చెయ్యి నొప్పి పుట్టింది. అంతకుమించి ఏమీ తెలియలేదు...

ఇప్పుడు పక్క దేశం పేరెత్తి టీవీలో అరుచుకుంటుంటే సౌండ్ తగ్గించేస్తాను. కోపం కూడా రాదు. ఢిల్లీలో తలుపు మూస్తే మా వాడలో ఎవరికి తగిలిందో వాళ్లకెవరు చెప్తారు...

ఇవాళ మా వాడలో అటు నుంచి ఫోన్ కోసం ఎదురుచూసేవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. మీ ఊళ్లో అట్లాంటి ఇండ్లు ఉండేవా? వాళ్లయినా ఒకరినొకరు చూసుకున్నారా...