ఎడమ పురి పడ్డ విషం

నాది ఎడమచేతి వాటం. ఈ ముక్క ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే సునందక్క మూడేళ్ల కష్టాన్ని దాదాపు బొంద పెట్టింది ఆ చేతితోనే. నవ్వండి, పర్వాలేదు, నవ్వడానికే రాస్తున్నాను. మధ్యలో ఎక్కడైనా నవ్వు ఆగిపోతే మాత్రం నన్ననకండి.

హైదరాబాద్ ల్యాబ్‌లో సునందక్క నాకు సీనియర్. కట్లపాము విషంలోని ఒక ప్రోటీన్‌ను క్రిస్టల్‌గా పెంచడం ఆమె పని. మూడేళ్లకు పనికొచ్చేది ఒక్కటంటే ఒక్కటే వచ్చింది, ఉప్పురవ్వంత. ఎక్స్‌రేల కింద పెట్టి కొలతలు తీసుకునేసరికి అది కాస్తా ఆ కిరణాలకే మాడిపోయింది. మిగిలింది కొలతల ఫైలు. నెలాఖరుకు అక్క గడువు కూడా అయిపోతుంది.

"ఈలోపు ప్రోటీన్ ఆకారం తేలకపోతే నాకు థీసిస్ లేదురా తమ్ముడూ" అంటూ ఫైలు నా చేతిలో పెట్టింది. కంప్యూటర్ల మీద నాకు మహా పట్టుందని ల్యాబంతా ప్రచారం. ప్రచారం చేసింది నేనే లెండి.

ఆ కొలతలు జతలు జతలుగా ఉంటాయి, ఒకటి ప్లస్, ఒకటి మైనస్. రెండింటికీ వెంట్రుకవాసి తేడా. ఆ తేడా పట్టుకునే ఆకారం తేల్చాలి. కొలతలు రాసిచ్చే సాఫ్ట్‌వేర్ ఒకటి, ఆకారం తేల్చేది ఇంకొకటి. దీని రాత దానికి అర్థం కాదు కాబట్టి మధ్యవర్తిగా నేను దిగాను. "ఏ వరుస ప్లస్, ఏ వరుస మైనస్?" అని రెండోది అడిగింది. వరుసల మీద పేర్లు లేవు. మాన్యువల్ తెరిస్తే తెలిసేది. కానీ మాన్యువల్ చదివితే నా పరువేం కాను? మొదటిది మైనస్ అని ఎడమచేత్తో కొట్టేశాను.

తెర మీద మెలికలు మెలికలుగా ఏదో కనబడింది. అందులో ప్రోటీన్ ఆకారం తేల్చడం తన వల్ల కాదని సాఫ్ట్‌వేర్ మొరాయించింది.

"అక్కా, నీ క్రిస్టల్‌లనే లోపమున్నది."

"పక్కానా?"

"వంద శాతం."

ఆమె ఏడవలేదు. లేచి, క్రిస్టల్‌లు పెంచే తన ట్రేలన్నీ అట్టపెట్టెలో సర్దడం మొదలుపెట్టింది. "నేను సర్దనా అక్కా?" అని కూడా అడిగాను, సిగ్గులేకుండా. ఇక అక్కడ ఉండబుద్ధి కాక, ఆ శనివారమే దుమ్ముగూడెం దగ్గరున్న మా ఊరికి బస్సెక్కాను.

చిన్నాయన అరుగు మీద గోగునార తాడు పేనుతున్నాడు. రెండేళ్ల కిందట చిన్నమ్మను కరిచింది కట్లపామే. భద్రాచలం దవాఖానా చేరకముందే, ఆటోలో, ఆయన ఒళ్లోనే పోయింది. నేను ఆ ల్యాబ్‌లోనే చేరతానని పట్టుబట్టడానికి కారణం అదే. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

"ఏం సదువుతున్నవ్‌రా ఆడ?"

"కట్లపాము విషం, చిన్నాయనా."

ఆయన చేతిలో తాడు ఆగింది. "సూపియ్యి."

ఫోన్‌లో మెలికల బొమ్మ చూపించాను.

"గిదేనా మీ చిన్నమ్మను తీస్కపోయింది?"

"అవ్. గని సరిగ్గ రాలే. పాడైంది."

ఫోన్ కళ్ల దగ్గర పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. "పాడైందేందిరా? పురి మంచిగనే పడ్డది. గని ఎడమకు తిరిగింది. నువ్వు పేనినవా ఏంది?"

"నేనా?"

"నువ్వు చిన్నగున్నప్పుడు పేనిన తాళ్లన్నీ గిట్లనే ఉంటుండె. ఎడమచేతోడు పేనితే పురి ఎదురు తిరుగుతది."

ఫోన్ లాక్కుని చూశాను. ప్రోటీన్‌లో ఆ మెలికలు కుడి పురివే ఉంటాయని మా ల్యాబ్‌లో నిన్న చేరినవాళ్లకు కూడా తెలుసు. ప్లస్సూ మైనస్సూ తారుమారైతే ఆకారమంతా అద్దంలో బొమ్మలా తిరగబడుతుంది. అద్దంలో బొమ్మను ఎదురుగా పెట్టుకుని, క్రిస్టల్ చెడిందని తీర్పు చెప్పాను నేను!

ఫోన్ చేశాను. "అక్కా, ప్లస్, మైనస్ మార్చి మళ్ల నడుపు."

"ట్రేలు సర్దనా అని అడిగినవ్ సూడు" అంది అక్క, "దానికి సంపుత నిన్ను."

సాయంత్రానికల్లా ఆకారం వచ్చేసింది. గడువుకు రెండు రోజుల ముందు అక్క థీసిస్ ఇచ్చేసింది.

మళ్లీ ఊరికి వెళ్లినప్పుడు సరైన బొమ్మ కాగితం మీద తీసుకెళ్లి చిన్నాయనకు ఇచ్చాను. ఆ మెలికల వెంట బొటనవేలు మెల్లగా నడిపించాడు.

"ఇప్పుడు సక్కగున్నది" అన్నాడు. కాసేపటికి కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మళ్లీ తాడు అందుకున్నాడు. "ఇగ గీ పురిని తెంపే మందు జల్దీ సూడు బిడ్డా."

నవ్వులాట అక్కడితో ఆగిపోయింది. మాన్యువల్ చదవకుండా ఈ జన్మలో ఏ వరుసకూ పేరు పెట్టనని ఆ అరుగు మీదే ఒట్టు పెట్టుకున్నాను. కుడిచేత్తోనే పెట్టుకున్నాను.