సైలెన్సర్ మీద నైలాన్ చీర

మా ఇళ్ళల్లో తమ్ముడి భార్య బావగారి ఎదుట నిలబడకూడదు, ఆయనతో మాట్లాడకూడదు. పెళ్ళయిన ఏడాదిన్నరలో మా బావగారితో నేనొక్క మాట మాట్లాడి ఎరగను. అలాంటిది ఎనభైల్లో ఒక వేసవి ఉదయం ఆయన మోటారు సైకిలు వెనక కూర్చోవలసి వచ్చింది. నరసరావుపేట ఆసుపత్రిలో ఉన్న మా అమ్మను ఆపరేషన్‌కు గుంటూరు తీసుకెళుతున్నారని, పదింటికి కారు బయలుదేరుతుందని కబురొచ్చింది. మా ఆయన ఊళ్ళో లేరు. పొద్దుటి బస్సు వెళ్ళిపోయింది.

ఒళ్ళు తగలకుండా అత్తగారు మా ఇద్దరి మధ్య బట్టల సంచీ పెట్టింది. నేను వెనక్కి జరిగి జరిగి సీటు చివర్న, కాళ్ళు ఒకపక్కకు వేసి కూర్చున్నాను. ఆ బండికి రెండు పక్కలా సైలెన్సర్లే. ఇస్త్రీ అక్కర్లేదని మురిసిపోయి కొనుక్కున్న నైలాన్ చీర నాది. కుచ్చిళ్ళు సరిగ్గా సైలెన్సర్ మీదికే జారాయి.

రొంపిచర్ల రాకముందే కమురు వాసన. కిందికి చూస్తే చీర అంచు కరిగి జిగురులా సాగుతోంది. లాగితే రాలేదు. ‘ఆపండి’ అంటే చాలు. అది అనలేక సంచీని రెండుసార్లు ముందుకు నెట్టాను. పాపం, మర్యాదకు ఆయన ఇంకాస్త ముందుకు జరిగారు.

చివరికి రోడ్డు పక్క షెడ్డులోంచి మెకానిక్ సాయిబు కేకేశాడు. “ఓ అయ్యా, అమ్మ చీర కాలతంది, ఆపండి!”

అతను బ్లేడుతో చీర కోసి నన్ను విడిపించాడు. మూరెడు గుడ్డ నల్లగా గొట్టానికి అతుక్కుపోయింది. బావగారు రోజూ పొద్దున్నే తుడుచుకునే బండి అది.

“ఇప్పుడు గీకితే సాగుద్ది. చల్లారితే పెళ్ళలుగా లేస్తది. ఇనప ముక్క పెట్టబాకండి, మెరుపు పోద్ది,” అన్నాడు సాయిబు.

చల్లారాలట! పల్నాటి ఎండలో!

“అన్నా, పదింటికి కారెళ్ళిపోద్దని చెప్పన్నా,” అన్నాను సాయిబుతో. రెండడుగుల దూరంలో ఉన్న బావగారికి వినబడే ఉంటుంది. అయినా సాయిబు చెప్పేదాకా ఆగి, సాయిబుకే జవాబిచ్చారు. “ఇంకెంతసేపు, అయిపోద్దని చెప్పు.”

వెదురు పుల్లతో ఆయనే కూర్చుని గీకారు. చిరిగిన కుచ్చిళ్ళు గుప్పిట్లో పట్టుకుని నేను నిలబడ్డాను. ఇంతలో నరసరావుపేట బస్సొకటి మా ముందునుంచే పోయింది. చెయ్యెత్తడానికి ఎవరిని అడగాలో తెలియలేదు.

ఆసుపత్రి చేరేసరికి పదిన్నర దాటింది. గేటు దగ్గర మా వదిన ఒక్కతే ఉంది. “ఇందాకే ఎళ్ళిపోయారమ్మా. కారెక్కిందాకా నువ్వొచ్చావా అని అడుగుతానే ఉంది,” అంది. ఇద్దరం బస్సులో గుంటూరు చేరేసరికి అమ్మను లోపలికి తీసుకెళ్ళిపోయారు. మళ్ళీ కళ్ళు తెరవలేదు.

పదకొండో రోజున అత్తగారు చుట్టాలందరి ముందూ నన్ను నిలదీసింది. “ఏమే, చీర కాలతంటే నీకు నోరు లేదా? ఒక్క మాట చెప్తే ఏం పోయేది?”

చానా చెప్పాలనిపించింది. కానీ బావగారు అక్కడే కూర్చుని ఉన్నారు.