పొప్పా నుంచి దవే దారిలో కన్నారావు

లారీ డ్రైవరు కన్నారావు పుట్టింది రంగూను రేవు పక్కనున్న బోటాటౌంగ్‌లో. తాత విశాఖ నుంచి వచ్చి ఆ రేవులోనే బస్తాలు మోశాడు. తండ్రీ అవే మోశాడు. కన్నారావు మోత మాని స్టీరింగు పట్టాడు. ఏళ్ల తరబడి అతని దారి ఒక్కటే: ఉత్తరాన పొప్పా దగ్గర తాటిబెల్లం ఎత్తడం, రంగూను మీదుగా దక్షిణపు సముద్రతీర ఊళ్లలో దింపడం, ఎండుచేపలతో తిరిగి రావడం. పొప్పా చల్లారిన అగ్నిపర్వతం. దాని చుట్టూ నల్లమట్టి, కాలి గట్టిపడిన రాయి.

ఈ దేశపు నిర్బంధ సైనిక చట్టం పద్దెనిమిది నుంచి ముప్పై అయిదేళ్ల మగవాణ్ణి పిలుస్తుంది. నోటీసు ఇవ్వాలనీ, వైద్య పరీక్ష జరపాలనీ ఆ చట్టమే చెబుతుంది. వీధిలోంచి ఈడ్చుకుపోవచ్చని ఏ సెక్షనూ చెప్పదు. అయినా ఈడ్చుకుపోతున్నారు. రంగూనులోనే, సంచౌంగ్ పేటలో టీ దుకాణం ముందు ఇద్దరిని వ్యానెక్కించారని విన్నాక, కన్నారావు తన ఇరవై రెండేళ్ల కొడుకును దక్షిణ తీరంలోని దవే చేర్చి, అక్కడి నుంచి అడవిదారిన థాయ్‌లాండ్‌కు దాటించాలని నిశ్చయించుకున్నాడు. నేరుగా దక్షిణానికి పోతే, ఎప్పుడూ చూసే బండి దారి మార్చిందని గేట్ల దగ్గర సైనికులు అనుమానిస్తారు. అందుకే కొడుకును క్లీనరుగా ఎక్కించుకుని, ముందు పొప్పాకు వెళ్లి బెల్లం ఎత్తాడు.

మన ఇళ్లలో చాలామందికి ఉన్నట్టే ఆ కుర్రవాడికీ రెండు పేర్లు. గుర్తింపు కార్డు మీద జో లిన్. ఇంట్లో సింహాద్రి.

"గేటు కాడ తెలుగు మాటాడకు. జో లిన్‌వి నువ్వు, తెలిసిందా?"

"నాకు తెలుసు నానా, నీకే గుర్తుండాల," అని కొడుకు నవ్వాడు.

పెగూ దాటారు, మౌల్మీన్ దాటారు. కుడివైపు సముద్రం కనబడింది. తీరపు ఊళ్లలో పడవలు బోర్లించి ఉన్నాయి; వయసు మగవాళ్లు కనబడలేదు; ఆడవాళ్లే వలలు లాగుతున్నారు.

దవేకు ముందు గేటులో సార్జెంటు కార్డు చూసి తిరిగి ఇచ్చేశాడు. మిలిటరీ బళ్లు వస్తున్నాయనీ, లారీని వెనక్కి తీసి పక్కన పెట్టమనీ చెప్పాడు. కొడుకు దిగి, వెనక నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. వానకు నానిన బంకమట్టిలో చక్రాలు జారి, లారీ ఒక్కసారిగా వెనక్కి దిగింది. కొడుకు వెనకే సిమెంటు దిమ్మె.

"సింహాద్రీ! తప్పుకోరా!"

కుర్రవాడు పక్కకు దూకాడు. లారీ దిమ్మెను గుద్ది ఆగింది.

సార్జెంటు కార్డు మళ్లీ అడిగాడు. "సింహాద్రి ఎవరు?" అన్నాడు బర్మీస్‌లో.

"ఇంటి పిలుపు సార్. ఇద్దరూ ఒకడే."

"కార్డు దొంగది."

ఇంట్లో మరో పేరుతో పిలవడం ఏ శాసనం కిందా నేరం కాదు. కార్డు మీద అనుమానమే నిజమైతే, ఇచ్చిన కార్యాలయాన్ని అడిగి తేల్చుకోవాలి. అనుమానం ఒక మనిషిని యుద్ధానికి పంపే ఉత్తర్వు కాజాలదు. ఈ వాదన వినడానికి అక్కడ న్యాయమూర్తి లేడు, తుపాకులున్నాయి.

కన్నారావు కాళ్ల మీద పడ్డాడు. సార్జెంటు కాలు వెనక్కి తీసుకుని, "న్యాయంగానే పంచుకుందాం, ఊ కన్నా," అని పేరుకు ముందు బర్మీస్ మర్యాద పిలుపు తగిలించి అన్నాడు. "జో లిన్ మాకు. సింహాద్రిని నువ్వు ఇంటికి తీసుకుపో."

చుట్టూ ఉన్న సైనికులు నవ్వారు. మిలిటరీ బళ్లు వచ్చాయి. వాటిలో ఒకదాని వెనక కొడుకును ఎక్కించారు.

దవే చేరాక భార్య లక్ష్మీదుర్గ ఫోను చేసింది.

"చేరేరా? గుంటడు తిన్నాడా?"

అతను జరిగింది చెప్పాడు.

"ఎందుకు పిలిచేవు?" అంది లక్ష్మీదుర్గ. "నోరు మూసుకుని ఉండనేకపోయేవా?"

"చక్రం కిందకి ఎల్లిపోతన్నాడే," అన్నాడు కన్నారావు. "బతకాలని పిలిచేను."